కానుగ కింద గుల్లలు

నాగరాజ్ గోతంలో చెయ్యి పెట్టి ఒక గుల్ల బయటికి తీసి, రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కాడు. అది అప్పడంలా పటుక్కున విరిగింది. ఇంకొకటి తీశాడు. అదీ విరిగింది. ఆ తర్వాతదాన్ని నొక్కకుండా ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. గుల్ల వెనక నుంచి అతని వేలి నీడ కనిపించింది.

"ఏందిక్కా ఇది, గుల్లనా ఉల్లిగడ్డ పొరనా?" అన్నాడు విశ్వాసమ్మతో. "బట్టీలో ఏస్తే బూడిద తప్ప సున్నం రాదు. అనంతయ్యశెట్టి నన్ను తంతాడు."

"తన్నడులేప్పా. నీ వీపు జూసి ఆయప్పకే భయం" అంది మద్దమ్మ.

ఆడవాళ్ళు నవ్వారు. నాగరాజ్ కూడా నవ్వాడు కానీ గోతాలను మాత్రం ట్రాక్టరులోకి ఎత్తలేదు. వాటి మూతులు తనే మళ్ళీ కట్టి, గట్టు మీద వరసగా నిలబెట్టాడు.

జీవిత మోకాళ్ళ లోతు మడుగులో నిలబడి ఇదంతా వింటూనే ఉంది. కళ్ళు గట్టు మీద, మూడు కర్రలు ముడివేసి కట్టిన ఉయ్యాల మీద ఉన్నాయి. కాళ్ళు మాత్రం అడుగున ఆల్చిప్పల కోసం వెతుకుతున్నాయి. వేలికి పదునుగా తగిలితే పాదంతో ఊడబెరికి, వంగి చేత్తో అందుకోవాలి. పిల్లగుల్ల అయితే మళ్ళీ బురదలో గుచ్చాలి. ఈ పూట తగిలినవన్నీ పిల్లగుల్లల్లాగే ఉన్నాయి. వయసుకు పెద్దవే, చేతికి బరువు లేదు. పాదాల కింద బురద కంటే ఇసుకే ఎక్కువగా ఉంది. నీళ్ళు అప్పుడే గోరువెచ్చగా ఉన్నాయి. పచ్చటి పాచి ఆమె పిక్కలకు దారాల్లా చుట్టుకుంది.

కుందూ నది ఒడ్డును కోసుకుని కాస్త లోపలికి వచ్చిన చోట ఈ మడుగు ఉంది. గేరిలోని, అంటే తమ పేటలోని, ఆడవాళ్ళు ఇక్కడ ఆల్చిప్పలు ఏరి, ఉడకబెట్టి, కండ కూరకు ఉంచుకుని, గుల్ల ఎండబెట్టి, నాగరాజ్ ట్రాక్టరులో కమలాపురంలోని అనంతయ్య బట్టీకి పంపుతారు. అక్కడ అది తమలపాకులోకి సున్నమవుతుంది. విశ్వాసమ్మ అత్త చేసిన పని విశ్వాసమ్మకు వచ్చింది. విశ్వాసమ్మ పని కోడలు జీవితకు రావాలి.

"చెప్తే చేదుగానే ఉంటాది విశ్వాసీ" అంది మద్దమ్మ, నాగరాజ్ ట్రాక్టరు కదిలాక. "ఈ పిల్ల కాన్పయి వచ్చినకాడినుంచే గుల్ల పలచబడె. బిడ్డ గుడ్డలు ఈ నీళ్ళల్లోనే పిండుతాండాది. రొమ్ము కారుకుంటా ఈ నీళ్ళల్లోకే దిగుతాండాది. ఇంగ గుల్ల గట్టిపడమంటే యాడ గట్టిపడతాది?"

జీవిత అత్త వైపు చూసింది. అలాంటి మాట ఎవరన్నా విశ్వాసమ్మ దగ్గర ఒకే జవాబు ఉండేది. మాకు ప్రభువుండాడు, మాకు మైల గియిలా ల్యావు అనేది. ఈ రోజు ఆమె ఆ మాట అంటుందని జీవిత ఎదురుచూసింది. విశ్వాసమ్మ విరిగిన గుల్ల ముక్కలను కాలితో నీళ్ళలోకి తోసింది.

"అమ్మీ, గట్టుకు రా" అంది.

"అత్తా, నేనేం..."

"రా మ్మే. నీళ్ళల్లోకి దిగొద్దు. బిడ్డ గుడ్డలు యాడన్నా దిగువకు పోయి ఉతుక్కో. సమాధుల వంపుకాడికి పో. ఆడైతే ఎవురూ ఏమనరు."

జీవిత గట్టెక్కింది. గట్టు పొడవునా నరికిన మొదళ్ళు, ఎండకు పగిలి, చీమలు పట్టి ఉన్నాయి. రెండేళ్ళ కిందట ఇక్కడ కానుగలూ నేరేళ్ళూ నీళ్ళ మీదికి వంగి ఉండేవి. బట్టీకి కట్టెలు కావాలని నాగరాజ్ అడిగితే గేరి అంతా సరేనంది. ఆడవాళ్ళే జమ్ము గడ్డి కోసి దారి చేశారు. కట్టె కొట్టేవాళ్ళు చివరి కానుగ దగ్గరికి వచ్చి ఆగిపోయారు. దానికి గేరిలోని సుంకులమ్మ మనవడి ఉయ్యాల వేలాడుతూ ఉంది. ఉయ్యాల కట్టిన చెట్టుకు గొడ్డలి పెట్టం, ముందు విప్పండి అన్నారు. నవ్వుతూ వెళ్ళి ముడి విప్పింది విశ్వాసమ్మే. అప్పుడు జీవిత ఏడు నెలల కడుపుతో నిలబడి చూసింది.

ఇప్పుడు ఉయ్యాల మీద కప్పిన తువ్వాలు తీసి, కూతురు దీవెన ముక్కు కింద వేలు పెట్టింది. ఊపిరి వెచ్చగా తగిలింది. బిడ్డ మెడంతా చెమటకాయలు. మూడు కర్రల నీడ ఎంతని ఉంటుంది?

*

పొద్దు వాలుతుండగా జీవిత మొగుడు ఏసుబాబు పత్తికొండ నుంచి ఫోన్ చేశాడు. టమోటా మార్కెట్లో గంపలెత్తే పని అతనిది. విశ్వాసమ్మ ఫోన్‌ను అరుగు మీద పెట్టి, పెద్దగా వినిపించేటట్టు నొక్కి, చేటలో బియ్యం ఏరుతూ మాట్లాడింది. గుల్ల సంగతంతా చెప్పింది. మద్దమ్మ అన్నది కూడా చెప్పింది.

"ఆయమ్మకేం పనిల్యా" అన్నాడు ఏసుబాబు. "అయినా మా, ఈడ మేస్త్రీ ఆడోళ్ళను అడుగుతాండాడు. కాయ ఏరేకి. జీవితను పంపిస్తే..."

"బిడ్డో?" అంది జీవిత పొయ్యి దగ్గరి నుంచి.

"రూములో అందరం కలిసే పండుకోవల్ల. రాత్రంతా బిడ్డ ఏడిస్తే వాళ్ళు ఊరుకోరు. అమ్మ కాడ ఉంటాదిలే. మూడు నాలుగు నెలలు."

"ఇంగా పాలు తాగుతాండాది."

"ఏడాదిన్నర దాటె గదా" అంది విశ్వాసమ్మ చేటలోంచి తలెత్తకుండా. "వీణ్ణి నేను ఆర్నెల్లకే మాన్పిచ్చినా. సచ్చిపాయనా? మాట్లాడతాండాడు చూడు. సోమవారం పొద్దున బస్సెక్కిస్తాలే నాయనా."

అవతల లారీ హారన్, ఎవరో గంపల లెక్క అరవడం వినిపించాయి.

"దీవెనకియ్యి ఫోను" అన్నాడు.

బిడ్డ ఫోన్‌కు నోరు ఆనించి ఊపిరి పీల్చింది. అంతే. అవతల ఏసుబాబు ఆ ఊపిరినే వింటూ ఉండిపోయాడు.

తిన్న తర్వాత విశ్వాసమ్మ వేపాకు దూసుకొచ్చి రోట్లో నూరింది. పచ్చటి ముద్దను ఆకులో పెట్టి కోడలి చేతికిచ్చింది. "పూసుకో. రెండు దినాలు ఏడుస్తాది, మూడోనాడు అదే మరిచిపోతాది."

జీవిత గోడ వైపు తిరిగి పూసుకుంది. చల్లగా, జిగటగా ఉంది. ఎక్కువ పూస్తే బిడ్డకు కడుపునొప్పి వస్తుందేమో, కక్కుతుందేమో, కక్కు ముక్కులోకి పోతుందేమో అని సగం తుడిచేసింది. దీవెన అలవాటుగా ఒళ్ళోకి పాకి నోరు పెట్టింది. ఒక్క క్షణం ఆగింది. మొహం ముడుచుకుని, నాలుక బయటపెట్టి, తల్లి మొహంలోకి చూసింది. ఏడవలేదు. ఇంకొకసారి నోరు పెట్టి చూసింది. అప్పుడు ఏడ్చింది.

*

సమాధుల వంపు గేరికి దిగువన ఉంది. సిలువలు పాతిన మట్టిదిబ్బలు, వాటి చుట్టూ కానుగ చెట్లు, ఆ తర్వాత నీటి దాకా తుంగా జమ్మూ. చచ్చినవాళ్ళ చెట్లని ఎవరూ కొమ్మ విరవలేదు. చచ్చినవాళ్ళ నీళ్ళని ఎవరూ గుల్ల ఏరలేదు. జీవితకు ఆ చోటంటే భయమే. గుడ్డలు ఉతకడానికి పోయినప్పుడల్లా బిడ్డను ఎదురుగా పొలంలో పనిచేసే సుంకులమ్మ దగ్గర వదిలి వచ్చేది. జమ్ములో పాములుంటాయని భయం. దిబ్బల మీది గాలి బిడ్డకు తగులుతుందని ఇంకో భయం.

నిజానికి మద్దమ్మ చెప్పింది తప్పు. జీవిత మడుగులో గుడ్డలు పిండింది మొదట్లో కొన్నాళ్ళే. ఎండ పడని చోటు వెతుక్కుంటూ ఎప్పటినుంచో ఇక్కడికే వస్తోంది. ఆ మాట మడుగు దగ్గరే చెప్పి ఉండాల్సింది. ఎవరన్నా గట్టిగా మాట్లాడితే ఆమెకు మాట గొంతులోనే ఉండిపోతుంది.

బండ మీద గుడ్డలు నానేసి, జాడించడానికి ఎప్పటికంటే కొంచెం లోపలికి దిగింది. నీళ్ళు చల్లగా మడమలను పట్టుకున్నాయి. కింద బురద మెత్తగా, మీగడలా ఉంది. కుళ్ళిన ఆకులు పాదం కింద జారాయి. కానుగ పండుటాకు ఒకటి రాలి, నీళ్ళ మీద తిరిగి, జమ్ము వేళ్ళ దగ్గర ఆగిపోయింది. ఈడ కొట్టుకుపోయేది ఏదీ ఉండదు అనుకుంది.

అప్పుడు కాలి వేళ్ళకు తగిలింది.

రాయి అనుకుంది. పాదంతో కదిలిస్తే కదల్లేదు. వేళ్ళు కిందికి జొనిపి పెళ్ళగించి, వంగి తీసింది. ఆల్చిప్ప. అరచెయ్యంత ఉంది. బరువుకు మణికట్టు వంగింది. వీపు నల్లగా, గీతలు గీతలుగా, ఒక్కో గీత గోరు పట్టేంత లోతుగా ఉంది. బొటనవేలితో నొక్కింది. రెండు చేతులా నొక్కింది. ఏమీ కాలేదు. పక్కనే ఇంకొకటి. దాని పక్కన మరొకటి. కాళ్ళు తమంతట తామే వెతుక్కుంటూ పోయాయి. జమ్ము వేళ్ళ సందుల్లో నిండుగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నీడ దాటి ఎండ పడేచోటికి ఒక అడుగు వేసింది. కింద ఇసుక తగిలింది. గుల్లలు లేవు. వెనక్కి నీడలోకి వచ్చింది. ఉన్నాయి.

మళ్ళీ ఎండలోకి వెళ్ళింది. మళ్ళీ నీడలోకి వచ్చింది. ఎవరన్నా చూస్తే పిచ్చిదనుకునేవాళ్ళు.

గుడ్డలు బండ మీదే ఉన్నాయి. తలెత్తి కొమ్మల వైపు చూసింది. మడుగు గట్టు మీద కొట్టిన కట్టెలు ట్రాక్టరు నిండా పోవడం గుర్తొచ్చింది. ఆ కట్టెలు ఎక్కడికి పోయాయి? గుల్లలు కాల్చడానికే పోయాయి.

*

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న అత్త చేతిలో జీవిత రెండు గుల్లలు పెట్టింది. ఒకటి మడుగుది, ఒకటి వంపుది. మద్దమ్మ చర్చికి రాదు కానీ, అరటిపండ్లు పంచుతారని ఆ వేళకు గేటు దగ్గరే ఉంటుంది. ఆమే ముందు అడిగింది.

"యాడిదే ఇది, ఇంత లావుది?"

"సమాధుల వంపులోదత్తా. నిండా ఉండాయి."

"చూస్తివా విశ్వాసీ? ఆడ ఈపిల్ల దిగలేదు, అందుకే..."

"దిగినా" అంది జీవిత. "ఏడాది నుంచి దినామూ ఆడనే ఉతుకుతాండా. బిడ్డ గుడ్డలు ఆ నీళ్ళల్లోనే పిండుతాండా. మరి ఆ గుల్లకెందుకు ఏం గాలా?"

మద్దమ్మ నోరు తెరిచి, అరటిపండు తొక్క తీసి, నోట్లో పెట్టుకుంది.

విశ్వాసమ్మ పలచటి గుల్లను బైబిలు మీద పెట్టి, లావుదాన్ని అరచేతిలో పైకీ కిందికీ ఆడిస్తోంది. చాలాకాలంగా ఆమె చేతికి అలాంటి బరువు తగల్లేదు.

"చెట్లత్తా" అంది జీవిత. "నీడుంటే నీళ్ళు సల్లగుంటాయి. ఆకు కుళ్ళి బురదవుతాది. జమ్ము ఏర్లు ఆ బురదను పట్టుకుంటాయి. మనం మడుగుకాడ కొట్టేసినాము గదా. రెండేండ్లు. నేను కాన్పయి వచ్చేతలికి చెట్లు ల్యావు. అందరూ నన్ను జూసినారు గానీ..."

"మెల్లిగా మ్మే" అంది విశ్వాసమ్మ. కోడలి మాట కాదనలేదు. గుల్లను కొంగులో కట్టుకుంది. ఆ క్షణం జీవితకు తను గెలిచినట్టే అనిపించింది.

సాయంత్రం నాగరాజ్ వచ్చాడు. విశ్వాసమ్మే కబురు పెట్టింది. అతను లావు గుల్లను నొక్కి, పళ్ళతో కొరికి, ఈల వేశాడు.

"ఇట్లాంటిది గావల్ల! ఎన్ని గోతాలైనా తీసుకుంటా. అయితే అక్కా, ఆ జమ్ములోకి మనుషులు దిగేకి గాదు, బండి వొచ్చేకీ గాదు. రేపు మనుషుల్ని తెస్తా. చెట్లు కొట్టి దావ జేస్తే బట్టీకి కట్టె గూడా అయితాది. మీ సంఘపెద్ద ఏసన్నను అడిగినా. సమాధులకు ప్రహరీ కట్టిస్తే సరేనన్యాడు."

"చెట్లు పోతే గుల్లలు పోతాయి" అంది జీవిత గడప లోపలి నుంచి.

"పోతే పోనీయమ్మా. ఈ ఏడుకు ఉండాయి గదా" నాగరాజ్ నవ్వాడు. ఎవరినీ బాధపెట్టాలని నవ్విన నవ్వు కాదు. అతనికి ఈ ఏడాదే కనిపిస్తోంది.

అతను పోయాక జీవిత అత్త పక్కన కూర్చుంది. "నేను చెప్పకుండా ఉంటే బాగుండు."

"నువ్వు చెప్పకపోయినా కట్టె కోసమన్నా ఆడికే వొస్తారు." విశ్వాసమ్మ అరుగు మీద ఎండిన గుల్లలను చీపురుతో దగ్గరికి ఊడుస్తోంది. "నీ మీద మాట పోయింది. అది శాలదా?"

"పత్తికొండకు పొయ్యే పనిల్యా గదత్తా ఇంగ?"

చీపురు ఆగింది. "నువ్వే చెప్తివి గదమ్మీ, చెట్లు పోతే గుల్లలు పోతాయని. ఒక్క కోత. తర్వాత ఏం తింటాము? బ్యాగు సర్దుకో."

తను చెప్పిన మాటే తనకు తలుపేసింది. జీవిత లోపలికి వెళ్ళి రెండు చీరలు, సబ్బు, దువ్వెన బ్యాగులో పెట్టింది. దీవెన వాటిని ఒక్కొక్కటే బయటికి తీసింది. జీవిత మళ్ళీ పెట్టింది. బిడ్డకు అది ఆటైంది. కొంతసేపటికి ఉయ్యాల చీర ఒక్కటే బయట మిగిలింది. అది బ్యాగులో పెట్టాల్సినది కాదు. పెడితే ఏం లాభం? అక్కడ ఉయ్యాల ఎవరికి?

చీర ఒళ్ళో పెట్టుకుని దాని అంచును వేళ్ళతో నలుపుతూ కూర్చుంది.

*

సోమవారం తెల్లారుతుండగా వేపాకు పూసుకుంది. బ్యాగు వాకిట్లో పెట్టింది. అత్త పేడనీళ్ళు చల్లుతుంటే, "బిడ్డను ఒకసారి తిప్పుకొస్తా" అంది.

వంపు దగ్గర చీకటి ఇంకా విడవలేదు. జమ్ములో ఏదో సరసరమంది. జీవిత ఆగిపోయింది. బిడ్డను గుండెకు గట్టిగా అదుముకుంది. కాళ్ళు వెనక్కి పొమ్మన్నాయి. నీటికోడి ఒకటి బయటికొచ్చి, తోక ఎగరేసి, మళ్ళీ లోపలికి పోయింది. ఆమె దిబ్బల మధ్య నుంచి నడిచి, నీళ్ళ మీదికి వంగిన అన్నిటికంటే పెద్ద కానుగ కిందికి వెళ్ళింది. కొమ్మను చేత్తో ఊపి చూసింది. చీర వేసి, ముడి వేసి, లాగి చూసింది. తన బరువంతా వేలాడదీసి చూసింది. ఇంకో ముడి వేసింది. చీమలున్నాయేమోనని కొమ్మంతా తడిమింది. ఇన్నాళ్ళూ బిడ్డను రానివ్వని చోట బిడ్డను పడుకోబెట్టింది. రాత్రంతా పాలకోసం ఏడ్చిన దీవెన నాలుగు ఊపులకే నిద్రపోయింది. ముక్కు కింద వేలు పెట్టి చూసింది.

ట్రాక్టరు వచ్చింది. నాగరాజ్, గొడ్డళ్ళతో నలుగురు దిగారు. నలుగురూ ఉయ్యాలను చూసి, గొడ్డళ్ళు నేలకు దించి నిలబడ్డారు.

"ఉయ్యాల విప్పమ్మా" అన్నాడు నాగరాజ్.

"బిడ్డ పండుకున్యాది."

"లేసినాక విప్పు."

"లేసినాక ఆడుకుంటాది. మళ్ళా పండుకుంటాది."

గొడ్డలివాళ్ళలో పెద్దవాడు నవ్వి, బీడీ వెలిగించుకుని దిబ్బ పక్కన కూర్చున్నాడు. నాగరాజ్‌కు నవ్వు రాలేదు. "దినామూ ఇట్లే కడతావా?"

బస్సుకు వేళవుతోంది. ఎంతసేపు నిలబడగలదో జీవితకే తెలీదు. ఎవరన్నా గట్టిగా ఒక్క మాటంటే ఏడుస్తానని మాత్రం తెలుసు. ఉయ్యాల చీర మీద చెయ్యి తీయకుండా నిలబడింది.

ట్రాక్టరు చప్పుడు విని ఆడవాళ్ళు వచ్చారు. సుంకులమ్మ, మద్దమ్మ, వాళ్ళ వెనక బ్యాగు చంకన పెట్టుకుని విశ్వాసమ్మ. ఆమె నడకలోనే కోపం ఉంది. దగ్గరికి వచ్చి కోడల్ని, కొమ్మను, నిద్రపోతున్న మనవరాలిని చూసింది. దీవెన మొహం మీద కానుగ నీడ కదులుతోంది. మెడ మీద చెమట లేదు.

"బస్సు పోతాది మ్మే" అంది.

జీవిత తల దించుకుంది.

"విశ్వాసమ్మక్కా, నువ్వు రా" అన్నాడు నాగరాజ్. "ఆ పొద్దు గూడా నువ్వే గదా విప్పింది. విప్పు, పనుండాది."

విశ్వాసమ్మ బ్యాగు కింద పెట్టింది. కొంగు నడుముకు దోపి, కొమ్మ దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి రెండు చేతులూ ముడి మీద వేసింది. జీవిత కళ్ళు మూసుకుంది. చీర కొమ్మకు రాసుకున్న చప్పుడు వినిపించింది. ఉయ్యాల ఒక్కసారి జర్రుమని కదిలింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

ముడి అక్కడే ఉంది. దాని మీద ఇంకో ముడి పడింది. విశ్వాసమ్మ పళ్ళు బిగించి దాని కొసను లాగుతోంది.

"బిడ్డ ముడి ఇట్లనా ఏసేది?" అంది కోడలితో. "జారుతాది."

తర్వాత చెట్టు మొదట్లో చతికిలబడి, ఉయ్యాల చీర అంచు చేతిలోకి తీసుకుంది. కొంగు విప్పి లావు గుల్లను ఒళ్ళో పెట్టుకుంది. నాగరాజ్ వైపు చూడకుండానే మాట్లాడింది. "గోతాలు తెచ్చి ఈడ పెట్టుప్పా. జమ్ములోకి మేము దిగుతాం, మాకు దావ అక్కరల్యా. కట్టెకు ఇంగో తావు జూసుకో."

"ఏసన్న సరేనన్యాడు గదా..."

"ఏసన్న ఈడ ఉయ్యాలూపేకి వొస్తాడేమో అడుగు."

మద్దమ్మ కిసుక్కుమంది. సుంకులమ్మ అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎత్తి కడుతోంది.

జీవిత ఇంకా అలాగే నిలబడి ఉంది. దీవెన కదిలి, కళ్ళు తెరవకుండానే నోరు చప్పరించింది. విశ్వాసమ్మ ఉయ్యాల ఊపుతూ, బ్యాగును కాలితో చెట్టు వెనక్కి తోసింది.

"ఏం జూస్తాండావు, బిడ్డ లేస్తాది" అంది. "పో. నీళ్ళల్లోకి దిగి ఆ చేదు కడుక్కోపో."